సైకిల్ తొక్కడం తెలిసి ఉండవలెను

మీ ఉద్యోగ ప్రకటనలో రాసిన అర్హతలలో, చేరిన నాటి నుంచి నేటి దాకా మీరు ఒక్కసారైనా వాడినవి ఎన్ని?

తొందరపడి జవాబివ్వకండి. ఆ ప్రకటన ప్రతి ఇప్పుడు మీ దగ్గర ఉండకపోవచ్చు. ఉద్యోగం దొరికాక దాన్ని దాచుకునేవారు అరుదు. నేనొకటి దాచుకున్నాను. అది నాకు ఉద్యోగమిచ్చిన ప్రకటన కాదు, నా చేతులతో నేను తయారు చేసినది. ప్యూను ఉద్యోగానికి అందులో మూడు అర్హతలున్నాయి. ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత, మంచి నడవడి, సైకిల్ తొక్కడం తెలిసి ఉండడం. ఈ మూడోదాని పుణ్యమా అని ఒక మనిషి బతుకును దాదాపు పాడుచేశాను. చెడ్డ ఉద్దేశంతో చేసినా కొంత గౌరవంగా ఉండేది. నేను న్యాయం పేరున చేశాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. హోసూరుకూ కృష్ణగిరికీ నడుమ, జాతీయ రహదారికి కాస్త ఎడంగా ఉన్న ఒక యూనియన్ కార్యాలయంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా ప్రాంతం తెలియని పాఠకులు కార్మిక సంఘమనుకోగలరు. యూనియన్ అంటే ఇక్కడ పదుల కొద్దీ గ్రామ పంచాయతీలను చూసుకునే స్థానిక పాలన సంస్థ. రోడ్లు, బోరింగులు, బడి గదులు మా పని. పైన బీడీవో, ఆయన కింద మేనేజరు, మేనేజరు కింద మేము, మా అందరి కింద ప్యూను. తపాలు సంచి తీసుకుని ఊరూరి పంచాయతీ ప్రెసిడెంట్లకు కాగితాలు చేర్చి, పుస్తకంలో సంతకాలు తెచ్చేది అతడే.

నా సంగతి కూడా చెప్పాలి. కృష్ణగిరిలో చదివిన మూడేళ్ళూ చర్చాపోటీలలో తెలుగు, తమిళం రెండింటా నిలబడి గెలిచినవాణ్ణి. గెలిచిన కప్పులలో మా అమ్మ మెంతులు, ఆవాలు పోసుకునేది. ఉద్యోగంలో చేరాక నాకు ఎదుటిపక్షం కరువైంది. చేతిపంపు మరమ్మతు ఫైలులో సైతం "ఈ సందర్భమున మూడు ప్రశ్నలు ఉదయించుచున్నవి" అని ఆరంభించేవాణ్ణి. ఒకనాడు మేనేజరు ఆ ఫైలును కళ్ళజోడు కిందనుంచి చదివి, నా బల్ల మీద పడేశాడు.

"ఏమప్పా, మూడు ప్రశ్నలు ఉదయించినాయి, సంతోషం. వాషరు యాడ?"

ఆ మేనేజరు నా అంచనాలో రాజీకి రూపం కట్టిన మనిషి. వక్కాకు నములుతూ, ఎవరికీ కాదనకుండా, ఏ నియమాన్నీ పూర్తిగా పాటించకుండా, ఏ నియమాన్నీ పూర్తిగా అతిక్రమించకుండా ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. సైకిల్ అర్హతను ఆయన పరీక్షించే తీరు ఇలా ఉండేది. అభ్యర్థి ఎదురుగా నిలబడతాడు. "సైకిల్ వచ్చునా?" "వచ్చును సార్." కాగితం మీద టిక్కు పడుతుంది. అంతటితో పరీక్ష సమాప్తం. అంతకు ముందు ఒకసారి ఒక నాయకుడి బావమరిదికి అదే విధంగా టిక్కు పడడం నా కళ్ళతో చూశాను. నా రక్తం ఉడికింది. ఆ ఉడుకు చల్లారకముందే మా పాత ప్యూను పదవీ విరమణ దగ్గరపడింది, ఖాళీ భర్తీకి ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

ఇక చూడండి. నోటి ప్రశ్న పక్షపాతానికి తలుపు తెరుస్తుందనీ, సమానత్వం అంటే అందరికీ ఒకే కొలత అనీ, కనుక ప్రతి అభ్యర్థీ అందరి ఎదుట ఒకే సైకిల్ మీద ఒకే దారిలో తిరిగి చూపాలనీ ఏడు పేజీల నోటు రాశాను. బీడీవో కొత్తగా వచ్చినవాడు, ఏడు పేజీలు చూసి బెదిరి సంతకం పెట్టాడు. మేనేజరు ఫైలు తిరిగి ఇస్తూ, "గెలిచినావప్పా" అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

పరీక్ష రోజున కార్యాలయం పెరట్లో జీపు షెడ్డు చుట్టూ నేనే స్వయంగా సున్నంతో గీత గీశాను. సైకిల్ మా ఆఫీసుదే. ఎత్తుగా, నడుమ అడ్డకడ్డీతో, నల్లగా ఉండేది. ఉద్యోగ కల్పనా కార్యాలయం నలుగురిని పంపింది. ముగ్గురు మగవాళ్ళు, ఒక స్త్రీ. నమోదు వరుసలో ఆమెదే మొదటి పేరు. ఉద్దనపల్లి వైపు మనిషి. పన్నెండేళ్ళ కింద పేరు నమోదు చేయించుకుంటే అందిన మొదటి పిలుపు ఇదేనని మా టైపిస్టుతో చెబుతూ ఉండగా విన్నాను. ఆ సంవత్సరం గడిస్తే వయోపరిమితి దాటిపోతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఎడమ తొడ మీద అరచెయ్యి ఆనించి, దాన్ని ముందుకు నొక్కుకుంటూ నడిచేది.

మేనేజరు ఆమె నడక చూశాడు. కళ్ళజోడు సవరించుకుని, తన పాత పద్ధతిలో మెత్తగా అడిగాడు.

"ఏమ్మా, సైకిల్ వచ్చునా?"

ఆమె నోరు తెరిచింది. ఆ నోటి నుంచి ఏ మాట వచ్చేదో నాకు తెలియదు, ఎందుకంటే నేను అడ్డుపడ్డాను.

"సార్, ఇది ప్రశ్న కాదు, పరీక్ష."

ఆమె నన్ను చూసింది. తరువాత సైకిల్‌ను చూసింది.

"దీనిమింద ఏం చేయాల సార్?"

"ఆ గీత మీద రెండు చుట్లు తిరగాలమ్మా."

"తిరిగి?"

"తిరిగి దిగడమే."

"తపాలు ఎత్తుకొని పోయేది లేదా?"

వెనక నిలబడ్డ ముగ్గురిలో ఎవరో కిసుక్కుమన్నారు. "అది ఉద్యోగంలో చేరాక" అన్నాను.

"చేరినాక చేసే పని ఏందో అది అడగండి సార్, చేసి చూపిస్తాను. ఇది మాత్రం నా చేత కాదు. రాదని చెప్పేదానికి నాకేం సిగ్గు లే."

అంతటితో ఊరుకుని ఉంటే నేను గుమాస్తాగా మిగిలేవాణ్ణి. కాని నాలో వక్త లేచాడు. చట్టం ముందు అందరూ సమానులన్న సంగతి నుంచి మొదలుపెట్టి, పెరట్లో నిలబడి, ఒక కాలు బాగాలేని మనిషిని ఎండలో నిలబెట్టి, మాట్లాడాను. ముగింపు నాకు ఇప్పటికీ గుర్తు. "నియమానికి కళ్ళు లేవమ్మా. అది ఎవరి కాళ్ళనూ చూడదు." ఆ వాక్యం వెలువడగానే, పాత అలవాటు కొద్దీ, చప్పట్ల కోసం ఒక క్షణం ఆగాను కూడా.

"కళ్ళు లేకుంటే ఎవరన్నా చెయ్యి పట్టుకొని నడిపించాల కదా సార్" అంది ఆమె. ఎత్తిపొడుపుగా అనలేదు, తెలియక అడిగినట్టే అడిగింది. "దానికే కదా మిమ్మల్ని ఈడ పెట్టినారు?"

నా పక్కన మేనేజరు వక్కాకు నమలడం ఆపాడు. నేను కాగితం మీద ఆమె పేరు ఎదురుగా "సైకిల్ పరీక్ష: అనర్హురాలు" అని రాశాను. మిగిలిన ముగ్గురూ తిరిగారు. అందులో ఒకడు చేతులు వదిలేసి మరీ తిరిగాడు. ఆమె సంచి భుజాన వేసుకుని, "పదకొండు నలభై బస్సు దొరుకుతాది" అనుకుంటూ వెళ్ళిపోయింది.

అంతా అయ్యాక పాత ప్యూను సైకిల్‌ను షెడ్డులోకి తోసుకుని పోతున్నాడు. పదడుగుల దూరం కూడా కాదు, అయినా ఏదో ఒకటి మాట్లాడాలని, "ఎక్కి పోరాదా?" అన్నాను.

"ఎక్కి శానా కాలమాయ సామీ."

"ఎంత కాలం?"

"సెలక్షన్ నాడు ఎక్కినాను. ఆ పొద్దే దిగినాను."

నాకు అర్థం కాలేదు. "రోజూ సైకిల్ తీసుకుని పోతావు కదయ్యా!"

"తీసుకొని పోతాను. తొక్కుకొని పోతానని ఎప్పుడు చెప్పినాను? సంచి బరువుంటాది కదా, దీనిమింద పెట్టి బస్టాండుదాకా తోసుకొని పోతాను. ఆడ స్టాండు వేసేసి బస్సెక్కుతాను. బేరిగై పక్కకి ఒగ దినం, ఉద్దనపల్లి పక్కకి ఒగ దినం. ఈ మిట్టల్లో, ఈ లారీల్లో ఎవరు తొక్కుతారు సామీ? మీరు తొక్కుతారా?"

నా గొప్ప లక్షణం ఒకటుంది, ప్రశ్న వేస్తే జవాబు చెప్పకుండా ఉండలేను. "తొక్కుతాను" అన్నాను. కిటికీలోంచి మేనేజరు గొంతు వినబడింది.

"విన్నానప్పా! మీటింగు నోటీసులు ఉండాయి, ఉద్దనపల్లి పక్క మూడు పంచాయతీలకి. ఈయనకి రేపు లీవు. నువ్వు తొక్కుకొని పోయి సంతకాలు తీసుకొని రా. ఈ పొద్దు సెలక్షన్ కాగితం మింద బీడీవో సారు సోమవారం సంతకం పెడతారు. అంతలోపల నీ అర్హత గూడా తేలిపోనీ."

మరునాడు శుక్రవారం. ప్యాంటు చివరలకు రబ్బరు బ్యాండ్లు వేసుకుని, సంచి వెనక కట్టుకుని బయలుదేరాను. ఆ ప్రయాణాన్ని వర్ణించడానికి నాకు ధైర్యం చాలదు. మా నేల మిట్టపల్లాల నేల. పల్లం వచ్చినప్పుడల్లా గాలి ఎదురొచ్చింది, మిట్ట వచ్చినప్పుడల్లా నేను దిగాను. గ్రానైటు రాళ్ళ లారీలు హారను కొడితే రోడ్డు వదిలి రాగి చేనులోకి పోయాను. మూడుసార్లు చైను ఊడింది. నాలుగోసారి ఊడినప్పుడు తగిలించలేదు. గొప్ప సిద్ధాంతాలు గల ఒక మనిషి, చేతులకు నల్ల గ్రీజుతో, సైకిల్‌ను తోసుకుంటూ మధ్యాహ్నానికి ఉద్దనపల్లి చేరాడు. మొదటి పంచాయతీ ఆఫీసుకు తాళం. ప్రెసిడెంటు ఇంటికి పోతే లేడన్నారు. రెండోవాడు కృష్ణగిరి పోయాడన్నారు. మూడో ఊరు రోడ్డుకు లోపల, ఇంకా మిట్ట మీద.

బస్సు స్టాపు దగ్గర గోనెపట్ట పరుచుకుని, పూలు కట్టి అమ్ముకుంటూ ఒక మనిషి కూర్చుని ఉంది. ఎవరో మీరు ఊహించే ఉంటారు. నేను ఊహించలేదు, ఆమె బతుకుదెరువు ఏమిటని అడిగే గడి మా దరఖాస్తులో లేదు.

ఆమె నన్ను, సైకిల్‌ను, వేలాడుతున్న చైనును వరుసగా చూసింది.

"ఏం సార్, మీకి గూడా సెలక్షన్ పెట్టినారా?"

సైకిల్‌కు స్టాండు వేసి, గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"కూర్చోండి. ముందు నీళ్ళు తాగండి. చేతులు ఈ గుడ్డకి తుడవండి, పూలకి తగలనీయకండి. ఎవరెవరికి తపాలు?"

చెప్పాను. ఆమె దారం పంటితో తెంపి, మూర కొలుస్తూనే చెప్పుకొచ్చింది. మొదటి ప్రెసిడెంటు టొమాటో మండీలో ఉన్నాడు, లోడు పంపించి టీకి ఈడికే వస్తాడు. రెండో ఆయన కోర్టు పనికి కృష్ణగిరి పోయాడు, నాలుగింటి బస్సులో దిగుతాడు, కుడిపక్క కిటికీలో చూడాలి, దిగేటప్పుడు నిద్రమత్తులో ఉంటాడు కనక కండక్టరుకు ముందే చెప్పి పెట్టాలి. "మూడోది ఆయమ్మ. ఆయమ్మ సంగతి తర్వాత చెప్తాను."

ఆమె చెప్పినట్టే మొదటి ఆయన వచ్చాడు, టీ గ్లాసు నా సంచి మీద పెట్టి సంతకం చేశాడు. నాలుగింటి బస్సు వచ్చింది. "అన్నా, మీ నిద్దర్లో ఉండే ప్రెసిడెంటుని లేపప్పా!" అని ఆమె కేకేస్తే, కండక్టరు ఆయన్ను భుజం పట్టి కిందికి దింపి అప్పగించాడు. రెండో సంతకం పడింది. ఇంతలో టీవీఎస్ బండి మీద ఒకాయన వచ్చి ఆగాడు.

"యూనియన్ ఆఫీసు తపాలా సార్? మా ఊరిది ఇట్లీయండి, నేను వేస్తా సైను."

ఆయన మూడో ఊరి ప్రెసిడెంటు భర్త. మహిళలకు కేటాయించిన పంచాయతీ అది. నేను మారు మాట్లాడకుండా పుస్తకం చాపాను. పూల దగ్గరనుంచి గొంతు వినబడింది.

"సార్! నోటీసు మింద పేరు చూసినారా?"

"ఏమక్కా, నేను వేస్తే ఏమి?" అన్నాడాయన నవ్వుతూ. "ఎప్పుడూ నేనే కదా వేసేది!"

"మీటింగుకి ఆయమ్మ పోవాల్నా, నువ్వు పోతావా?"

"నేనే పోతాను."

"అదే, అదే సార్‌కి చెప్తుండాను. ఆయమ్మకి నోటీసే చేరకుంటే యాడినుంచి పోతాది? శుక్రవారం కదా, పూలకని నా దగ్గరికే వస్తాది. పిలుచుకొని రా పోప్పా. రెండు మూరలు ఎక్కువ ఇస్తానని చెప్పు."

ఆయన తల గోక్కుంటూ పోయి, భార్యను బండి వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఆవిడ నోటీసు తీసుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది. "ఇట్లా మీటింగు నెలనెలా ఉంటాదా?" అని భర్తను అడిగింది. ఆయన బండి కిక్కు కొట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ ఒక్కొక్క అక్షరం పేర్చి సంతకం చేసింది. అప్పటికి రెండేళ్ళుగా ఆ పంచాయతీ కాగితాలు నా చేతుల మీదుగానే పోతున్నాయి. ఆ పేరు మీద ప్రతిసారీ గబగబా గీసిన మగ సంతకం ఉండేది. సమానత్వం మీద ఏడు పేజీలు రాసిన కళ్ళకు అది ఎన్నడూ కనబడలేదు.

సాయంత్రం ఏ బస్సు పైన సైకిల్ వేయనిస్తారో కూడా ఆమే చెప్పింది.

సోమవారం మేనేజరు ఎదుట మూడు సంతకాల పుస్తకం పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"రికార్డు రూము ఆయమ్మ ఉండాది కదా. మొగుడు పోయి, ఇద్దరు బిడ్డల్ని చంకనేసుకొని సెలక్షన్‌కి వచ్చినాది. సైకిల్ ముట్టిన పాపాన పోలే. నేనే టిక్కు పెట్టినాను. నువ్వు నాయకుని బామ్మర్ది టిక్కు చూసినావు, ఈ టిక్కు చూడలే."

"రెండూ పెట్టినారు కదా సార్."

"రెండూ పెట్టినాను. ఆ తలుపు వీళ్ళకి తెరిస్తే వాళ్ళు గూడా దూరతారు. నాకి తెలిసింది ఆ ఒగ తలుపే." ఆయన డ్రాయరులోంచి నా కాగితం తీశాడు. "ఇంకా సంతకం కాలే. 'అనర్హురాలు' కొట్టేసి టిక్కు పెడదామా? ఈ పొద్దే అయిపోతాది. లేదా నీ పద్ధతిలో సైకిల్ అక్కరలే అని పైకి రాసి మినహాయింపు అడుగుదామా? ఆరు నెలలో, ఏడాదో. వచ్చేదీ తెలీదు, రానిదీ తెలీదు. ఏడాది మారిందంటే ఆయమ్మ వయసు దాటిపోతాది. చెప్పప్పా."

మూడు ప్రశ్నలు ఉదయించలేదు. ఒకటే ఉదయించింది, దానికి జవాబు చెప్పవలసినది నేను కాదు. నేనిచ్చే ఏ జవాబుకైనా నష్టపోయేది ఆమె. ఆమెను పిలిపించాం. మేనేజరు రెండు దారులూ, రికార్డు రూము ఆయమ్మ టిక్కుతో సహా, ఏ దాపరికం లేకుండా చెప్పాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుని వింది.

"టిక్కు పెడితే ఈ పొద్దే ఉద్యోగం?"

"ఈ పొద్దే."

"రేపు నా మింద కోపం వచ్చినోడు ఎవడన్నా, సైకిల్ ఎక్కి చూపించు అంటే?"

మేనేజరు కాగితాన్ని బల్ల మీద బోర్లించాడు.

"రికార్డు రూము ఆయమ్మ ఎవరన్నా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడతాది, మొన్న చూసినాను" అంది ఆమె. "అట్లా ఇరవై ఏండ్లు ఉండలేను సార్. రాయండి. రాకపోతే పూలు ఉండాయి. కానీ ఈసారి ఈ సారు ఉపన్యాసం రాయకుండా చూడండి."

మేనేజరు చూడవలసే వచ్చింది. నేను పదకొండు పేజీలు రాశాను. వికలాంగుల చట్టం ప్రతి మా బీరువాలోనే ఉండేది. అందులో ఉపన్యాసానికి పనికివచ్చే భాగాలు మాత్రమే అంతకు ముందు చదివాను. ఈసారి మొత్తం చదివాను, మొత్తం ఎత్తి రాశాను. మేనేజరు పదిన్నర పేజీలు కొట్టేశాడు. మిగిలింది ఇంతే: ఈ పనిని ఇక్కడ ఎవరూ సైకిల్ మీద చేయడం లేదు, బస్సులో చేస్తున్నారు, ఈ అభ్యర్థి ఆ పని చేయగలదని ఫలానా గుమాస్తా ప్రత్యక్షంగా చూశాడు, వరుసలో ఆమెదే మొదటి పేరు, చట్టం ప్రకారం ఈ షరతు నుంచి మినహాయింపు కోరుతున్నాం, అంతదాకా ఖాళీని నింపం. చేతులు వదిలి సైకిల్ తొక్కిన అభ్యర్థి వచ్చి, "నేను బాగానే తిరిగినాను కదా సార్?" అని అడిగితే, బాగానే తిరిగావనీ, తిరగమని అడగడమే తప్పనీ, ఆ తప్పు నాదనీ చెప్పాను. అతడు నమ్మలేదు. డబ్బు చేతులు మారిందనుకున్నాడు. అలా అనుకోవడానికి అతనికి హక్కుంది.

అప్పట్లో మాకు జిల్లా కేంద్రం ధర్మపురి. కాగితం అక్కడికి పోయింది, కొర్రీతో తిరిగి వచ్చింది, మళ్ళీ పోయింది. పాత ప్యూను రిటైరయ్యాడు. తపాలు సంచి మేము వంతులు వేసుకుని మోశాం, బస్సులోనే. నా వంతు ఉద్దనపల్లి వైపు పడినప్పుడు ఆమె ఎన్నడూ "ఏమైంది సార్" అని అడగలేదు. మూర పూలు కొలుస్తూ నా ముఖం చూసేది. జవాబు అందులో దొరికేది కాబోలు, చూపు తిప్పుకునేది. ఏడాది ముగియడానికి మూడు వారాలుందనగా ఉత్తర్వు వచ్చింది. మినహాయింపు ఇచ్చారు.

ఆఫీసంతా మిఠాయి పంచాను. చేరడానికి వచ్చిన రోజున ఆమె ఉత్తర్వు అడిగి తీసుకుని, నిదానంగా చదువుకుంది.

"సార్, 'ఈ ఒక్క నేర్వు మాత్రమే' అని ఉండాది, ఏంది?"

నేను చూశాను. ఉత్తర్వు తమిళంలో ఉంది, 'నేర్వు' అంటే సందర్భం, ఈ ఒక్క సందర్భానికి మాత్రమే అని. అది నా కంటికి ఆనలేదు, గెలిచినవాడి కళ్ళు అంతవరకు పోవు.

"అంటే మీకు మాత్రం ఈ షరతు లేదని అమ్మా."

"నా వెనక వచ్చేవాళ్ళకి?"

"దానికి కూడా రాస్తాను" అన్నాను.

రాయలేదు. వద్దనుకుని మానలేదు. రేపు రాద్దామనుకున్నాను, ఆ వారం ఎన్నికల పని వచ్చింది, తరువాత బదిలీ వచ్చింది. ఆ కథను మాత్రం పదిచోట్ల చెప్పుకుని మెప్పు పొందాను. చెప్పిన ప్రతిసారీ నా పాత్ర కొంచెం పెరిగేది.

తరువాతి దశాబ్దంలో కృష్ణగిరి వేరు జిల్లా అయింది. నేను మరో యూనియన్‌లో మేనేజరునయ్యాను. ఆమె తపాలు పనిమీద ఒకనాడు మా ఆఫీసుకు వచ్చింది. నా గదిలోకి రాకుండా నోటీసు బోర్డు దగ్గరే నిలబడిపోయిందని, ఏమిటా అని నేనే బయటికి వచ్చాను.

"సార్, ఇది మీ సంతకమేనా?"

ప్యూను ఉద్యోగానికి నియామక ప్రకటన. కింద నా సంతకం, ముచ్చటైన వంపుతో. పైన మూడో అర్హత, ఎక్కడికీ పోకుండా, అక్షరం మారకుండా. సెక్షన్ గుమాస్తా పాత ఫైలు చూసి టైపు చేయించి ఉంటాడు. నేను ఆ పూట ముప్పై కాగితాల మధ్య దాన్ని కూడా చదవకుండా సంతకం చేసి ఉంటాను. నన్ను సమర్థించుకునే వాదనలు కొన్ని అప్పటికప్పుడే తట్టాయి. అన్నీ బాగానే ఉన్నాయి, అందుకే ఒక్కటీ బయటికి చెప్పలేదు.

"రెండు వారాలాయె సార్, బస్సులో ఒగ అమ్మాయి కనిపించినాది. కుడిచెయ్యి మోచేతి దాకానే ఉండాది. ఈడికి కార్డు వచ్చినాదంట. బోర్డు చదివి, లోపలికి గూడా రాకుండా తిరిగి పోతావుండాది. 'పో, పోయి అడుగు, ఆడ మాకి తెలిసిన సారు ఉండాడు, న్యాయమైనోడు' అని చెప్పినాను. 'ఆ సారే సంతకం పెట్టినాడక్కా' అనె."

భర్తీ అంతకు ముందు వారమే ముగిసింది. నేను ఆ అమ్మాయి చిరునామా వెతికించి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను, అదీ అంతే. ఆమె బోర్డు చూపించిన సాయంత్రమే అరపేజీ కాగితం కలెక్టరు కార్యాలయానికి పంపాను, ఈసారి ఒక్కరికి మినహాయింపు అడుగుతూ కాదు, ఆ వాక్యాన్నే తీసివేయమని. మా యూనియన్ వరకు తీసివేశారు. అప్పటికి ఆమె చేరి ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో బోర్డు దగ్గర నుంచే తిరిగిపోయినవారు ఎందరో లెక్క చెప్పగల రిజిస్టరు ఏ ఆఫీసులోనూ లేదు. లోపలికి వచ్చినవారి పేర్లే మేము రాసుకుంటాం.

ఇప్పుడు మీ వంతు. స్థానిక సంస్థలలో, మరే ఆఫీసులోనైనా, నియామకాల కాగితాలు మీ బల్ల మీదుగా పోతుంటే, రేపు పొద్దున ఆ ఫైలు తెప్పించుకోండి. అందులోని ప్రతి షరతునూ వేలు పెట్టి చదవండి. ఆ పని చేసే మనిషి వెంట ఒక పూట తిరిగి, ఆ షరతు ఎక్కడ అవసరపడుతుందో చూడండి. అవసరపడకపోతే కొట్టివేయమని అరపేజీ రాసి, మధ్యాహ్నం తపాలులోనే పంపండి. రాస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వకండి. నేను ఇచ్చాను.